అమ్మకి ఎముకలు గుల్లబారాయి, సూదుల వైద్యుడు "కిడ్నీ బలహీనం" అన్నారు. ఏం చేయాలి?

పర్లాకిమిడి_కూతురు | జూలై 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మకి 58 ఏళ్లు. 41 ఏళ్లకే గర్భసంచి తీయించేశారు. మొన్న రథయాత్ర చూసొచ్చిన మర్నాడు పెరట్లో పాచి మీద కాలు జారి, చేయి ఆనించింది. అంతే, కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన ఎముకల డాక్టరు ఇంత చిన్న దెబ్బకి విరగకూడదని చెప్పి విశాఖ పంపి డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే పరీక్ష, తీయించారు. వెన్నులో టీ స్కోరు మైనస్ 2.9, తుంటి దగ్గర మైనస్ 2.3 (మైనస్ ఎంత ఎక్కువైతే ఎముక అంత పలచన అట). ఎముకలు గుల్లబారాయన్నారు. వారానికొకటి వేసుకునే మాత్ర రాశారు. రెండు వారాలు వేసుకుంది, గుండెల్లో ఒకటే మంట. మానేసింది.

అమ్మకి ఏడాదిగా నడుం నొప్పి కూడా ఉంది. పక్కింటావిడ చెబితే బరంపురంలో ఒక ఆక్యుపంక్చర్ ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. నాడి పట్టుకున్నారు, నాలుక చూశారు, "కిడ్నీ బలహీనంగా ఉంది, అందుకే ఎముకలు పాడవుతున్నాయి" అన్నారు. 20 సిట్టింగులు సూదులు, రోజుకి నాలుగు చైనా మూలికల క్యాప్సూల్స్. ఇంగ్లీషు మాత్రలు వద్దన్నారు.

మా నాన్నగారిది కవిటి వైపు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఆ ఉద్దానంలో కిడ్నీ అన్న మాట వింటే ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా పెదనాన్న డయాలసిస్ మీద ఉండే పోయారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

నాలుగు సిట్టింగులు అయ్యాయి. నడుం నొప్పి తగ్గిందని అమ్మ అంటోంది. అందుకే మానమని గట్టిగా అనలేకపోతున్నాను. ఈ వైద్యంతో ఎముక నిజంగా గట్టిపడుతుందా? కిడ్నీకి, ఎముకకి సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

నాగావళి_రాయగడ | జూలై 14, రాత్రి 10:05

అమ్మా, ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలుస్తుంది. దానికి పెద్ద ఊరు వెళ్లక్కర్లేదు, మీ ఊళ్లోనే అవుతుంది. నాడి చూసి చెప్పినదానికి ఇంటిల్లిపాదీ తిండి మానేయడం వద్దు.

ఇంకో మాట. గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు కూడా తీశారా? పాత డిశ్చార్జి కాగితం ఉంటే చూడండి. మా అక్కకి అలాగే రెండూ తీసేశారు, ఇంట్లో ఎవరికీ తెలియదు. 50 దాటాక గూని వచ్చినప్పుడు గానీ ఆ కాగితం బయటికి తీయలేదు.

---

బల్లార్షా_సూదివైద్యం | జూలై 14, రాత్రి 11:30

అక్కా, నేను చంద్రపూర్ జిల్లాలో ఆక్యుపంక్చర్ చేస్తాను. మహారాష్ట్రలో దీనికి 2015 చట్టం ఉంది, నాది రిజిస్టరైన ప్రాక్టీసు. నేను చేసే పని గురించి కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మా శాస్త్రంలో "షెన్" అని ఒక మాట ఉంది. ఇంగ్లీషులో దాన్ని కిడ్నీ అని రాశారు, మనవాళ్లు కూడా అదే పలుకుతున్నారు. కానీ ఆ పాత గ్రంథంలోని షెన్, మీ డాక్టరుగారు స్కాన్‌లో చూసే మూత్రపిండం ఒకటి కాదు. పుట్టుకతో వచ్చిన సారం, ఎదుగుదల, సంతానశక్తి, ఎముక, మూలుగ, పళ్లు, చెవి వినికిడి, తలవెంట్రుకలు, ఇవన్నీ షెన్ కింద లెక్క. రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్డి నెయ్‌జింగ్ అనే గ్రంథంలో ఆడవాళ్ల వయసుని ఏడేసి ఏళ్లుగా చెప్పారు. ఏడేళ్లకి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. రెండు ఏడులు, అంటే 14కి, రజస్వల. ఏడు ఏడులు, అంటే 49కి, నెలసరి ఆగుతుంది, షెన్ తరుగుతుంది. "షెన్ ఎముకను పాలిస్తుంది" అన్న సూత్రం అక్కడి నుంచే వచ్చింది.

కాబట్టి ఆయన అన్నదానికి మా భాషలో అర్థం "మీ అమ్మకి నెలసరి ఆగింది, ఎముక తరిగింది" అని. మీ ఇంట్లో అర్థమైంది వేరు. ఉద్దానం మనుషుల ముందు ఆ మాట వాడేటప్పుడు విడమరచి చెప్పాల్సింది. నేనైతే ఆ మాట అనడమే మానేశాను, "సారం తగ్గింది" అంటాను.

ఈ సమస్యకి మేం వాడే బిందువులు చెబుతాను. నడుం దగ్గర రెండో కటి వెన్నుపూసకి అటూ ఇటూ షెన్‌షు, దాని మధ్యలో మింగ్‌మెన్. మోకాలి కింద నాలుగు వేళ్ల దూరంలో జుసాన్లీ. లోపలి చీలమండకి పైన సాన్‌యిన్‌జియావో. మెడ కింద దాజు, దాన్ని ఎముకల కూడలి అంటారు. కొందరు సూది చివర మోక్సా వెలిగించి వేడి ఇస్తారు. మోక్సా అంటే ఎండబెట్టి దూదిలా చేసిన ఆకు, మన వినాయకచవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రి కుటుంబమే. షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లకి ఆ వేడి పెట్టకూడదు, కాలినా తెలియదు.

ఎముక సాంద్రత పెరుగుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. నొప్పి తగ్గుతుంది, కొందరికి ఒంట్లో ఆవిర్లు తగ్గి నిద్ర పడుతుంది. వాటికోసమే చేస్తాను. డాక్టరు రాసిన ఎముకల మందు ఆపమని చెప్పను. ఆపమన్నారంటే అక్కడ జాగ్రత్తపడండి.

---

గుణుపురం_మందులషాపు | జూలై 15, ఉదయం 7:45

అప్పా, ఆ క్యాప్సూల్స్ డబ్బా మీద ఏం రాసుంది? ఫోటోలో మీ పేరు, ఆయన పేరు కనబడకుండా పెట్టండి.

---

పర్లాకిమిడి_కూతురు | జూలై 15, ఉదయం 8:10

ఏమీ రాయలేదు తమ్ముడూ. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మూత మీద పెన్నుతో "బోన్" అని ఉంది. లోపల గోధుమరంగు పొడి నింపిన క్యాప్సూల్స్. అడిగితే చైనా నుంచి తెప్పించిన మూలికలు అన్నారు.

---

గుణుపురం_మందులషాపు | జూలై 15, ఉదయం 8:50

అయితే ఈ పూట నుంచే ఆపేయండి. డబ్బా పారేయకండి, డాక్టరుకి చూపించాలి.

అన్నీ విషమని కాదు. చైనాలో ఎముకలకి వాడే మూలికల్లో పరీక్షకి నిలబడ్డది కూడా ఉంది. ఎపిమీడియం అని ఒక మొక్క, వాళ్లు యిన్‌యాంగ్‌హువో అంటారు. దాని నుంచి తీసిన పదార్థాన్ని నెలసరి ఆగి చాలా ఏళ్లయిన 100 మంది ఆడవాళ్ల మీద రెండేళ్లపాటు చూశారు. ఎవరికి అసలు మందో ఎవరికి ఉత్త మాత్రో వాళ్లకీ తెలియదు, ఇచ్చినవాళ్లకీ తెలియదు. 2007లో ఫలితం అచ్చయింది. మందు తీసుకున్నవాళ్లకి ఎముక సాంద్రత నిలబడింది, ఉత్త మాత్ర వాళ్లకి తగ్గింది. అందరికీ క్యాల్షియం కూడా ఇచ్చారు. అయితే వంద మందిలో ఎముకలు విరగడం తగ్గిందో లేదో తేలదు, దానికి వేల మంది కావాలి. పైగా అది కొలిచి, శుద్ధిచేసి ఇచ్చిన పదార్థం. మీ డబ్బాలో ఉన్నది అదేనని ఎవరు చెప్పగలరు?

ఇక రెండోవైపు. షియాన్ లింగ్ గు బావో అని చైనాలో ఎముకలకి బాగా అమ్ముడయ్యే మిశ్రమం. దాంతో కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని 2016లో చైనా ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించి, లేబుల్ మార్పించింది. అందులోని ఆరు మూలికల్లో ఒకటి మనకి తెలిసిందే, బావంచాలు. బొల్లికి రాసే గింజలు. లోపలికి తీసుకుంటే కాలేయానికి చేటు చేయగలవు, ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది.

మీ ఇంట్లో కిడ్నీ భయం ఉంది కాబట్టి ఇంకొకటి. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికలు తీసుకున్న ఆడవాళ్లకి వరసగా కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసింది. అందులో అరిస్టొలోకిక్ యాసిడ్ ఉంది. కిడ్నీ బాగు కోసం తీసుకున్న పేరులేని పొడే కిడ్నీని తీసేయొచ్చు.

మూడోది, నేను షాపులో రోజూ చూసేది. పేరులేని నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లున్నారు. నాలుగు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి పెరుగుతుంది, మొహం నిండుగా కనబడుతుంది. అదే స్టెరాయిడ్ మూడు నెలలు దాటి లోపలికి వెళితే ఎముకని తినేస్తుంది. అమ్మకి మొహం ఉబ్బిందా? ఉబ్బితే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదం. మీది రెండు మూడు వారాలే కాబట్టి ఆపేయమన్నాను.

---

బరంపురం_పట్టుచీర | జూలై 15, మధ్యాహ్నం 2:15

అందరూ కలిసి ఆ బిడ్డని భయపెట్టేయకండి. నాకు 61. నేను సూదులు వేయించుకున్నాను, మేలు జరిగింది. అది కూడా ఇక్కడ ఉండాలి కదా.

నెలసరి ఆగాక నాలుగేళ్లు నేను పడింది చెప్పలేను. అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిరి, జాకెట్టు తడిసిపోయేది, లేచి వరండాలో కూర్చునేదాన్ని. మా ఆయన పాపం విసనకర్ర పట్టుకుని కూర్చునేవారు. ఎవరికి చెప్పినా "వయసుకి అంతే" అనేవారు. మొట్టమొదట నా మాట ముప్పావుగంట కూర్చుని విన్నది ఆ సూదులు వేసే అమ్మాయి. నిద్ర ఎలా ఉంది, కాళ్లు చల్లగా ఉంటాయా, దాహం వేస్తుందా, ఏడుపు వస్తుందా, అన్నీ అడిగింది. పన్నెండు సిట్టింగులకి నిద్ర పట్టింది. అది సూదుల వల్లో, ఒకరు విన్నందువల్లో నేను తేల్చలేను. నిద్ర పట్టిన మాట మాత్రం నిజం.

కానీ ఎముకల సంగతి వేరుగా చెబుతాను. నాకు టీ స్కోరు మైనస్ 2.1 ఉండేది. రెండేళ్లు సూదులు తప్ప ఏమీ చేయలేదు, ఒళ్లు బాగానే ఉందని డెక్సాకి వెళ్లలేదు. వెళ్లేసరికి మైనస్ 2.6. నొప్పి లేదు, నిద్ర ఉంది, ఎముక మాత్రం చెప్పకుండా తరుగుతూ పోయింది. అప్పుడు మందు మొదలుపెట్టాను. ఇప్పటికీ నెలకోసారి సూదులకి వెళ్తాను, మందు మానలేదు.

వెళ్తే సూదుల ప్యాకెట్టు నీ కళ్లముందు చింపమను తల్లీ. ఒకసారి వాడి పారేసేవే ఉండాలి.

---

ఫిజియో_జయపురం | జూలై 15, సాయంత్రం 6:40

పట్టుచీర గారు చెప్పింది ఈ చర్చకంతటికీ ముఖ్యం. ఎముక తరగడానికి నొప్పి ఉండదు. విరిగినప్పుడే నొప్పి. కాబట్టి నొప్పి తగ్గడాన్ని బట్టి ఎముక గట్టిపడిందని అనుకోలేం.

పర్లాకిమిడి అమ్మాయికి నాదొక ప్రశ్న. మీ అమ్మగారు ఈమధ్య పొట్టి అయినట్టు అనిపించిందా? ఇదివరకు అందే అటక, దేవుడి గూడు ఇప్పుడు అందుతున్నాయా? ఏడాదిగా నడుం నొప్పి, టీ స్కోరు మైనస్ 2.9, దానికితోడు మణికట్టు విరగడం. నాకు వెన్నుపూస నలిగిందేమో అని అనుమానం. పడకుండానే, బిందె ఎత్తినా, దగ్గినా వెన్నుపూస కుంగిపోవచ్చు. పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. అది తేలేదాకా నడుం మీద మాలీషు, కప్పింగ్, నొక్కుడు ఏవీ చేయించవద్దు. మా వైపు పల్లెల్లో నొప్పి ఉన్నచోట కాల్చిన ఇనుముతో చెంక వేస్తారు, మన తెలుగులో వాతలు పెట్టడం. అదీ వద్దని మీ ఊరి పెద్దలకి కూడా చెప్పండి.

నెలసరి ఆగితే ఎముక ఎందుకు పోతుందో కూడా చెబుతాను, కిడ్నీ భయం తగ్గుతుంది. ఎముక గోడలాంటిది కాదు. రోజూ కొన్ని కణాలు తవ్వుతుంటాయి, కొన్ని పూడుస్తుంటాయి. తవ్వేవాటిని ఈస్ట్రోజెన్ అదుపులో పెడుతుంది. అది పోయాక తవ్వకం ఎక్కువ, పూడిక తక్కువ. మొదటి అయిదారేళ్లలో ఈ తరుగుదల చాలా వేగం. మన ఆడవాళ్లకి సగటున 46, 47కే నెలసరి ఆగుతుంది. ఆపరేషన్లో అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మొదలు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆపరేషన్ కోసం ఇక్కడి నుంచి అటు వెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆపరేషన్ చేశాక ఎముకల గురించి ఒక్క మాట చెప్పి పంపేవాళ్లు తక్కువ. నాకు కోపం వచ్చేది అక్కడే.

అసలు కిడ్నీ జబ్బు ఉన్నా ఎముక పాడవుతుంది, అది నిజమే. ఆహారంలోని క్యాల్షియం ఒంటికి పట్టడానికి కావలసిన విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చేది కిడ్నీయే. కిడ్నీ బాగా దెబ్బతింటే ఎముకల మందులు కొన్ని ఇవ్వకూడదు కూడా. అందుకే నాగావళి గారు చెప్పిన పరీక్ష ముందు చేయించండి.

ఆ వారం మాత్రతో మంట గురించి: దాన్ని పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. ఎలా వేసుకున్నారు?

అమ్మగారికి గుడాఖు (పళ్లకి రాసుకునే పొగాకు ముద్ద) అలవాటు ఉందా? అడగడం మొహమాటమే, కానీ నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఎంతోమందికి ఉంటుంది. పొగాకు ఏ రూపంలో ఉన్నా ఎముకకి శత్రువు.

---

పర్లాకిమిడి_కూతురు | జూలై 16, రాత్రి 9:55

మీ రాతలు చదివి అమ్మని నిలబెట్టి అడిగాను.

దేవుడి గూటిలో దీపం పెట్టడానికి ఆరు నెలలుగా పీట వేసుకుంటోందట. నేను గమనించనేలేదు. జాకెట్లు ముందు పొడుగైపోతున్నాయని టైలరుని తిడుతుంటే నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

మాత్ర టీతో వేసుకుని మళ్లీ పడుకునేదట. గుడాఖు ఉంది, పొద్దున్న, మధ్యాహ్నం. 20 ఏళ్లుగా. మొహం ఉబ్బలేదు. క్యాప్సూల్స్ ఆపేశాం. పాత కాగితం దొరికింది. రెండు అండాశయాలూ తీసేశారు. మాకెవరూ చెప్పలేదు. 17 ఏళ్లు అయిపోయాయి.

ఎల్లుండి పరీక్షలకి వెళ్తున్నాం.

---

సోలాపూర్_చేనేత | జూలై 17, ఉదయం 6:30

అమ్మాయీ, మీ తప్పేం లేదు. మా అమ్మ బీడీలు చుడుతూ ముప్పై ఏళ్లు వంగి కూర్చుంది. గూని వస్తే పని వల్లే అనుకున్నాం, మేమూ చూడలేదు.

సూదుల వైద్యాన్ని తీసిపారేయవద్దని మా ఊరివాడిగా ఒక మాట చెబుతాను. 1938లో చైనా యుద్ధంలో గాయపడ్డవాళ్లకి సేవ చేయడానికి మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. వాళ్లలో ద్వారకానాథ్ కోట్నీస్ మా సోలాపూర్‌లోనే 1910లో పుట్టారు. 1942లో అక్కడే పోయారు. ఆయనతో వెళ్లిన బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశానికి ఈ వైద్యం వచ్చింది అలా. తెచ్చినాయన ఆధునిక వైద్యం చదివిన డాక్టరే. ఒకటి పట్టుకుంటే రెండోది వదలాలని ఆయన అనుకోలేదు.

---

నాగావళి_రాయగడ | జూలై 17, రాత్రి 8:20

తిండి గురించి ఎవరూ రాయలేదు. నెలసరి ఆగిన ఆడవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. 100 గ్రాముల చోడిపిండిలో (రాగిపిండి) సుమారు 350 ఉంటుంది. ఇక్కడ కొండవాళ్లు తాగే మాండియా పేజ్, మన అమ్మమ్మల చోడి అంబలి ఒకటే. మా ఇళ్లలో అది పేదవాళ్ల తిండి అని మానేసి పొద్దున్నే ఉప్మా, పూరీ పట్టుకున్నాం. నేను మళ్లీ మొదలుపెట్టించాను. మునగాకు, నువ్వుల పొడి, పెరుగు, ముల్లుతో తినే చిన్న చేపలు. పదకొండు తర్వాత ఎండలో కాసేపు.

నల్లేరు గురించి కూడా అడుగుతారు. ఒడియావాళ్లు హాడభంగా అంటారు. లేత కాడలు నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు వేసి పచ్చడి చేస్తాం. సరిగ్గా వేగకపోతే నోరు దురద. కూరగా తినండి, బాగుంటుంది. మైనస్ 2.9కి అదే మందనుకోవద్దు.

---

ప్రాణహిత_సిరొంచ | జూలై 18, ఉదయం 9:00

మా వైపువాళ్ల కోసం ఒక చిన్న హెచ్చరిక. చంద్రపూర్, యవతమాళ్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకి డెక్సాలో సాంద్రత బాగున్నట్టు కనబడుతుంది, ఎముక మాత్రం పెళుసుగా ఉంటుంది. స్కోరు బాగుందని ధీమాగా ఉండకుండా, ఏ ఊరి నీళ్లు తాగారో డాక్టరుకి చెప్పండి.

---

పర్లాకిమిడి_కూతురు | ఆగస్టు 29, రాత్రి 10:10

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

క్రియాటినిన్ 0.8. కిడ్నీలు బాగున్నాయి. ఆ కాగితం చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వెళ్లి జీళ్లు కొనుక్కొచ్చారు.

ఫిజియో గారి అనుమానం నిజమైంది. ఎక్స్‌రేలో పన్నెండో ఛాతీ వెన్నుపూస ముందువైపు కుంగి ఉంది. పాతదే, చాలా నెలల కిందటిదన్నారు. అమ్మ ఏడాదిగా చెబుతున్న నడుం నొప్పి అదే. సూదులతో ఆ నొప్పి తగ్గుతోందని మేం సంతోషపడ్డాం.

విటమిన్ డి బాగా తక్కువ ఉంది. ముందు అది సరిచేసి, పోయిన వారం ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌లో ఎక్కించారు. రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. ఎక్కించే ముందు పళ్లు కూడా చూపించుకోమన్నారు, పుచ్చిన పన్ను ఒకటి తీసేశారు. ఆరునెలలకొకసారి వేసే ఇంజెక్షన్ గురించి కూడా చెప్పారు. అది మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉందట. ఇక్కడి నుంచి ప్రతిసారీ సమయానికి వెళ్లగలమో లేదోనని మేం ఏడాది మందే ఎంచుకున్నాం.

బరంపురం ఆయన దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఎక్స్‌రే, రక్తపరీక్ష రెండూ బల్ల మీద పెట్టాను. బల్లార్షా అన్నయ్య రాసిన షెన్ సంగతి చెప్పి, "మీరు కిడ్నీ అన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదండీ" అన్నాను. ఆయన కాసేపు ఎక్స్‌రేనే చూస్తూ ఉండిపోయారు. ఆ క్యాప్సూల్స్‌లో ఏముందో ఆయనకీ పూర్తిగా తెలియదు, ఎవరో పంపితే అమ్ముతున్నారు. మిగిలిన సిట్టింగుల డబ్బులు వెనక్కి ఇస్తానన్నారు. నడుం దగ్గర కాకుండా కాళ్ల మీద, చేతుల మీద మాత్రమే సూదులు వేయమని, మా డాక్టరుకి కూడా చెప్పి, నెలకి రెండుసార్లు తీసుకెళ్తున్నాను. అమ్మకి రాత్రి నిద్ర పడుతోంది, అది నేను కాదనను.

పెరట్లో పాచి గీకించి గరుకు రాళ్లు వేయించాం. స్నానాల గదిలో గోడకి ఇనుప కడ్డీ బిగించాం. నీళ్ల బిందె నాన్న మోస్తున్నారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజుకి రెండు విడతలు, పదేసిసార్లు చేయిస్తున్నాను. ముందుకి వంగే పనులు, ముగ్గుతో సహా, నేనే చేస్తున్నాను.

గుడాఖు మధ్యాహ్నం మానేసింది. పొద్దున్నది ఇంకా ఉంది. మాన్పించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి, ఈ వారం అదే మా గొడవ.

---

బరంపురం_పట్టుచీర | ఆగస్టు 30, ఉదయం 5:50

నేను మానేశాను తల్లీ, పదేళ్లయింది. లేచీ లేవగానే నోట్లో ఏదో ఒకటి పడాలి, అదే కష్టం. నేను వేయించిన వాము, సోంపు కలిపి చిన్న డబ్బాలో తలగడ పక్కన పెట్టుకునేదాన్ని. మొదటి పది రోజులు తలనొప్పి, చిరాకు, మీ మీద అరుస్తుంది. ఓర్చుకోండి. పదకొండో రోజు నుంచి అన్నం రుచి తెలుస్తుంది. అమ్మని నాతో ఫోన్లో మాట్లాడించు, నంబరు ఇక్కడ కాకుండా విడిగా పంపుతాను.